సగంకొట్టు బాబాయి

గడియారస్తంభం దగ్గరో, పాత బస్టాండు ఎదురుగానో, ముందుభాగం లేని కొట్టు ప్రతి ఊళ్ళోనూ ఒకటుంటుంది. స్లాబు తెగినచోట ఇనప ఊచలు బయటికి వంగి ఉంటాయి. మేడమెట్లు కింది మూడూ పోయి, నాలుగోది గాల్లో మొదలవుతుంది. పైన నీలం పట్టా, కింద మురిక్కాలవ మీద చెక్క. ఆ చెక్క దాటి లోపలికెళితే ప్లాస్టిక్ కుర్చీలో ఓ పెద్దమనిషి, ఆయన ఒళ్ళో ఓ ఫైలు. ఆయనే సగంకొట్టు బాబాయి. మా ఊళ్ళో ఆయనది బట్టలకొట్టు. పట్టుచీరలు ఎప్పుడో సర్దేశారు. ఇప్పుడు దుమ్ము పడినా దులుపుకుని కట్టుకునే లుంగీలూ తువాళ్ళే అమ్ముతారు.

కొత్తవాళ్ళకి ఒక్క జాగ్రత్త చెప్పాలి. “ఇంకా బాగుచేయించలేదేంటి బాబాయ్‌గారూ?” అని మాత్రం అడక్కండి. అడిగితే ఆ పూట భోజనం మర్చిపోవాల్సిందే. ఆయన గోడమీద పడ్డ మొదటి ఎర్రరంగు గీత దగ్గర మొదలెడతారు. అక్కణ్ణించి వేకువజామున వచ్చిన జేసీబీ దగ్గరికి వచ్చేసరికి మీకు రెండో టీ వస్తుంది. తారీఖు తప్పరు. ఆ రోజు డ్రైవరు ఏ రంగు చొక్కా తొడుక్కున్నాడో కూడా చెబుతారు. ఫైల్లో ఉందేమోనని నా అనుమానం.

సంగతి మాత్రం నిజంగానే చిక్కుది. 2013లో రోడ్డు వెడల్పన్నారు. బాబాయి తన ముందు పదడుగుల స్థలాన్ని మున్సిపాలిటీకి రిజిస్టరు చేయించి మరీ దానపత్రం రాసిచ్చారు. బదులుగా టీడీఆర్ బాండు ఇస్తామన్నారు. అంటే డబ్బు కాదు. పోయిన స్థలానికి బదులుగా ఇంకోచోట మామూలుకి మించి కట్టుకునే హక్కు. మీకు అవసరం లేకపోతే బిల్డరుకి అమ్ముకోవచ్చు. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో అయితే కొనేవాళ్ళుంటారు. మా ఊళ్ళో మూడో అంతస్తు వేసినవాణ్ణే వింతగా చూస్తాం. ఇక్కడ ఆకాశం కొనేదెవడు? అయినా బాబాయికి బాండు కావాలి. పదడుగుల నేల ఇచ్చినవాడికి ఓ కాయితమన్నా రావద్దా అంటారు. ఆ మాటకి నా దగ్గరా జవాబు లేదు.

బాండు రాకపోతే పోయింది, నాలుగు ఇటుకలు పేర్చి షట్టరు బిగించుకోవచ్చు కదా అని మీకనిపిస్తుంది. ఆ సలహా ఇవ్వనివాళ్ళు ఊళ్ళో లేరు. ముందు ప్లాను పెట్టాలి. ప్లాను పెడితే, మిగిలిన స్థలంలో ముందు ఇంత, వెనక ఇంత ఖాళీ వదలమంటారు. అన్నీ వదిలితే మిగిలేది గల్లాపెట్టె. రోడ్డుకి స్థలం ఇచ్చినవాళ్ళకి ఆ ఖాళీల్లో సడలింపు ఉందని బాబాయి జీవో పట్టుకెళ్ళారు. సెక్షన్లో ఆయన కుర్చీ లాగి కూర్చోబెట్టారు కూడా.

“ఉందండీ, ఎందుకు లేదు? కానీ సడలింపు తీసుకుంటే బాండు వదులుకోవాలి మరి.”

“బాండు ఇంకా రాలేదు కదండీ, వదులుకోడానికి?”

“వచ్చాక వదులుకోండి.”

ఈ ముక్క చెప్పేటప్పుడు బాబాయి గొంతు అచ్చం ఆ గుమాస్తా గొంతే. అది విందామనే కొందరు మళ్ళీ మళ్ళీ వచ్చి రెండు తువాళ్ళు కొనుక్కుపోతారు.

ఫైల్లో పక్కపక్కనే రెండు నోటీసులున్నాయి, ప్లాస్టిక్ కవర్లలో. మీ కట్టడం శిథిలావస్థలో ఉంది, వెంటనే మరమ్మతు చేయించండి అని ఒకటి. అనుమతి లేకుండా మరమ్మతు మొదలెట్టారు, వెంటనే ఆపండి అని రెండోది. రెండింటికీ సంతకం ఒక్కటే. మధ్యలో ఆయన మొదలెట్టిందల్లా ఇసక తోలించడం. ఆ ఇసకలో ఇప్పుడు వీధికుక్క పిల్లలు పెట్టింది.

పన్ను సంగతి వేరే చెప్పాలి. కొట్టేసిన వరండాకి ఇంకా పన్ను వస్తోంది. బాబాయి అర్జీ పెట్టడం మానరు, పన్ను కట్టడమూ మానరు. ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు. లేని వరండా మీద కూడా ఆ తగ్గింపు వదులుకోరాయన.

అర్జీల విషయానికొస్తే, ప్రభుత్వాల చరిత్ర మొత్తం ఆ ఫైల్లో ఉంది. ప్రజావాణి రసీదు అడుగున, దానిమీద మీకోసం, దానిమీద 2019 నాటి స్పందన, ఆపైన జగనన్నకు చెబుదాం, అన్నిటికంటే పైన పీజీఆర్ఎస్. ముఖ్యమంత్రులు మారారు, కార్యక్రమాల పేర్లు మారాయి, సోమవారం మాత్రం మారలేదు. ఆవేళ పిన్నిగారు ఇస్త్రీ చొక్కా తీసి మంచమ్మీద పెడతారు. “పెళ్ళిచూపులక్కూడా ఇంత ముస్తాబై రాలేదు మీరు” అంటారు. మధ్యలో సమాచార హక్కు దరఖాస్తొకటి కూడా పెట్టారు. సరిగ్గా ముప్ఫయ్యోరోజున జవాబొచ్చింది, ఫైలు పరిశీలనలో ఉందని. ఎవరి పరిశీలనలో అని ఇంకోటి పెట్టారు.

తప్పంతా ఆఫీసుదే అంటే నేనొప్పుకోను. టౌన్‌ప్లానింగ్‌లో ఉన్న ఇద్దరు ముగ్గురే ఊరంతా కొలవాలి. పైగా, కొట్టినప్పుడు మా ఊరికి కౌన్సిలే లేదు. 2010లో గడువు తీరితే 2014 దాకా ఎన్నికలు పెట్టలేదు. మళ్ళీ 2019లో తీరితే 2021 దాకా పెట్టలేదు. ఆ రోజుల్లో అంతా స్పెషలాఫీసరు రాజ్యం. అందుకని కౌన్సిలర్నడిగితే “మా హయాంలో కొట్టింది కాదు బాబాయ్” అంటాడు. కమిషనర్నడిగితే “నేను మొన్నేగా చేరాను” అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఇంతకీ వెడల్పయిన రోడ్డులో వెడల్పెక్కడా అని మీరు అడగొచ్చు. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు కదల్లేదు. వాటిని జరపాల్సింది కరెంటువాళ్ళు, అందుకు డబ్బు కట్టాల్సింది మున్సిపాలిటీ. కట్టలేదు, కదల్లేదు. స్తంభం దాటి ఏ బండీ ఇవతలికి రాదు గనక, బాబాయి దానమిచ్చిన పదడుగుల్లో మిరపకాయ బజ్జీల బండి వెలిసింది. సాయంత్రం ఐదయ్యేసరికి నూనె కాగుతుంది. బాబాయి చెక్క మీంచి చెయ్యి చాపి ప్లేటు అందుకుంటారు, డబ్బులిచ్చి.

“మీ స్థలంలో పెట్టుకున్నాడు కదా, ఊరికే ఇవ్వడా?” అన్నాను ఓసారి.

“నా స్థలమేంటోయ్, రిజిస్టరు చేసిచ్చాగా” అన్నారు, ఉల్లిపాయ ముక్కలు ఏరుకుంటూ.

మామూలు కష్టంలో ఉన్నవాళ్ళకీ బాబాయికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఆయనకి కోపం లేదు, హోదా ఉంది. ఇంటిప్లాను తిరిగొచ్చినవాడు, కుళాయి కనెక్షను రానివాడు, అన్నదమ్ముల మధ్య గోడ తగువున్నవాడు, అందరూ ముందు ఆ చెక్క మీంచి నడిచే ఆఫీసుకి పోతారు. ఏ బల్ల దగ్గర ఏం మాట్లాడాలో, చైన్‌మన్ ఏ కొట్లో టీ తాగుతాడో అన్నీ ఆయన చెబుతారు. ఫీజు లేదు. కాకపోతే ఉత్తచేతుల్తో వెళ్ళడం బావుండదని ఓ లుంగీ కొంటారు.

కిందటి నెల కొత్త మాస్టర్‌ప్లానన్నారు. ఈసారి ఎర్రగీతలు ఎదురువరస మీద పడ్డాయి. సెల్‌ఫోన్ల కొట్టు కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు, చేతిలో నోటీసు, మొహాన చెమట.

“బాబాయ్‌గారండీ, స్టే తెచ్చుకోమంటారా?”

బాబాయి నోటీసు వెనకా ముందూ తిప్పి చూశారు. తారీఖు చూశారు, సంతకం చూశారు, కొత్త కమిషనరన్నమాట అనుకున్నారు. కళ్ళజోడు తీసి తువాలుతో తుడిచారు.

“స్టే తర్వాత. ముందు అటక మీది పాత అట్టపెట్టె ఒకటి దింపు. తాళ్ళున్న ఫైలు కొను, క్లిప్పుది వద్దు, నాలుగేళ్ళకే తుప్పు పడుతుంది. దీన్ని ఆరు జిరాక్సులు తీయించు.”

“ఆరెందుకండీ?”

“సోమవారం రా, చెబుతాను. ఇస్త్రీ చొక్కా వేసుకురా.”