దోర్నపాల్‌కు వీసా

మావాడొకడు మొన్న విదేశం వెళ్లొచ్చాడు. పాస్‌పోర్టు తీయలేదు, విమానమెక్కలేదు, డాలరు మార్చలేదు. భద్రాచలంలో ఇడ్లీ తిని, చింతూరు, కుంట మీదుగా మధ్యాహ్నం భోజనం వేళకు ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని దోర్నపాల్‌లో దిగాడు. అక్కడ వాడి చిన్ననాటి స్నేహితుడు కిరాణా కొట్టు పెట్టుకుని చాలా ఏళ్లుగా కాపురం ఉంటున్నాడు. ఆ ఇంట్లో మూడు రాత్రులు పడుకుని తిరిగొచ్చాడు. అప్పటినుంచీ మావాడు బస్తర్ నిపుణుడు.

ఈ జబ్బు మనకు కొత్త కాదు. డాలస్‌లో కొడుకింటికి వెళ్లిన పెద్దాయన జెట్‌లాగ్ తీరకముందే అమెరికా నాగరికత మీద వ్యాసం పంపిస్తాడు. రోడ్లు అద్దాల్లా ఉంటాయి, ఎవరూ హారన్ కొట్టరు, పక్కింటివాడు పలకరించడు. ఈ మూడు ముక్కలకీ మూడు పేజీలు. పోనీలే అనుకోవచ్చు, ఆయనకు అది నిజంగానే పరాయి దేశం. పూట ప్రయాణంలో ఉన్న ఊరిని పరాయి దేశం చేసుకున్నవాణ్ని మాత్రం కాస్త ఆపి అడగాలి.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి పదిహేను నెలలు తిరిగాడు. ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, దారి ఎలా ఉందో ఓపిగ్గా రాసుకున్నాడు. ఆ పుస్తకం 1838లో గానీ అచ్చు కాలేదు. మావాడు బస్సు దిగిన ఇరవై నిమిషాలకే మొదటి పోస్టు పెట్టాడు: 'అపాయం నడుమ నా మొదటి అడుగు'. ఆ అడుగు పడింది టీ కొట్టు ముందు.

మొదటి రాత్రి స్నేహితుణ్ని అడిగాడట.

"ఒరేయ్, ఇక్కడ రాత్రిళ్లు పడుకోవచ్చా?"

"మంచం వేశాను కదరా. దోమతెర సరిగ్గా దోపుకో. మలేరియా ఎక్కువ."

మావాడు కుక్క మొరిగినప్పుడల్లా లేచి కూర్చున్నాడు. దోమతెర మాత్రం దోపుకోలేదు. మలేరియా గురించి రాస్తే ఎవడు చదువుతాడు?

అపాయం లేదని నేననను. దోర్నపాల్ నుంచి జగర్‌గుండా వెళ్లే రోడ్డు మీద చింతల్‌నార్ ఉంది. ఆ దగ్గర్లో, తాడిమెట్ల అడవిలో 2010 ఏప్రిల్ 6న మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయారు. ఆ రోడ్డు మొదట్లో నిలబడి మావాడు రెండు వేళ్లు చూపిస్తూ సెల్ఫీ దిగాడు. దానికి మూడు వందల లైకులు.

రెండో రోజు ఇంకో ఫొటో. వరసగా ఇళ్లు, ఒకదాని గోడకు ఇంకొకటి ఆనుకుని, పైన రేకులు. గుమ్మంలో ఒక ముసలాయన. కింద మావాడి వ్యాఖ్య: 'తరతరాలుగా చెక్కుచెదరని ఆదివాసీ పల్లె'. కోయ పల్లె చూసినవాడెవడైనా ఆ ఫొటో దగ్గర ఆగిపోతాడు. కోయవాళ్ల ఇళ్లు దూరదూరంగా ఉంటాయి. ఎవరి దొడ్డి వాళ్లది, ఎవరి చెట్టు వాళ్లది. ఇలా బియ్యం బస్తాల్లా పేర్చినట్టు ఉండవు. మావాడు ఫొటో తీసింది సల్వాజుడుం శిబిరాన్ని. మావోయిస్టులకు వ్యతిరేకంగా 2005లో మొదలైన ఆ గొడవలో లోపలి ఊళ్లు ఖాళీ అయ్యాయి. అక్కడి జనాన్ని తెచ్చి రోడ్డు వెంట శిబిరాల్లో పెట్టారు. దోర్నపాల్‌ది వాటిలో పెద్దవాటిలో ఒకటి. ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ఎస్పీవోలుగా (ప్రత్యేక పోలీసు అధికారులుగా) దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు తీర్పుతో ఊరు వెనక్కి రాదు కదా, ఇళ్లు అలాగే నిలబడిపోయాయి. మావాడికి వాటిలో తరతరాలు కనిపించాయి. ఆ ముసలాయనను 'తాతా, మీదే ఊరు?' అని ఒక్క మాట అడిగి ఉంటే ఫొటో పాడైపోయేది.

తర్వాత 'బస్తర్ బీరు' వంతు. సల్ఫీ అనే అద్భుత పానీయం గురించి పదహారు వాక్యాలు రాశాడు. అది జీలుగు కల్లు నాయనా. చింతూరులో, రంపచోడవరంలో మనవాళ్లు రోజూ తాగేదే. దారిలో బస్సు ఆగినప్పుడు నీ కిటికీ బయట ఉన్నది ఆ చెట్టే. అక్కడితో ఆగలేదు, ఇప్పపువ్వును 'మహువా' అని, తునికాకును 'తెందూపత్తా' అని పరిచయం చేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు గోండిలో మాట్లాడుకుంటుంటే 'అర్థంకాని వింత భాష' అన్నాడు. గోండి తెలుగుకు తోబుట్టువు. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్ అని వాళ్లు లెక్కపెడుతుంటే ఒకటో తరగతి పిల్లాడు కూడా రెండో అంకె నుంచి అందుకుంటాడు. నీళ్లను 'ఏర్' అంటారు. మన ఏరే అది.

మావాడిది హనుమకొండ, అదీ తమాషా. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు వెళ్లి బస్తర్ రాజ్యం పెట్టాడని అక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. ఆయన వీసా అడిగినట్టు ఎక్కడా లేదు.

అసలీ సరిహద్దులు ఎంత గట్టివి? చింతూరు అంగుళం కదలకుండా ఖమ్మం జిల్లా నుంచి 2014లో తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లింది. దోర్నపాల్ కూడా కూర్చున్నచోటే బస్తర్ సంస్థానం, మధ్యప్రదేశ్, 2000లో ఛత్తీస్‌గఢ్, 2012లో సుక్మా జిల్లా చూసింది. దేశాలు తిరిగానని చెప్పుకునే హక్కు ఆ ఊళ్లకుంది.

మూడో రోజు సంతలో జరిగింది మావాడు రాయలేదు. వాడి స్నేహితుడు ఫోన్లో చెప్పాడు. చింతపండు అమ్ముకుంటున్న ఒకామె ముందు గొంతుక్కూర్చుని, వచ్చీరాని హిందీలో "యే కిత్‌నా హై?" అని అడిగాడట. ఆమె వీణ్ని ఎగాదిగా చూసి, "ఎంత కావాలయ్యా?" అందట.

ఆ తెలుగు ఎక్కడ నేర్చుకున్నావని కూడా మావాడు అడగలేదు. స్నేహితుడు అడిగాడు. ఏటా సంక్రాంతి దాటాక మిరపకోతలకు మన వైపే వస్తుందట.

వీసా సంగతి ఎత్తాను కాబట్టి చెబుతున్నాను, దాని ఇబ్బంది నిజంగా ఉన్నవాళ్లు వేరే ఉన్నారు. సల్వాజుడుం రోజుల్లో పారిపోయి ఇటు వచ్చి ఉమ్మడి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. వాళ్లకు మనం గుత్తికోయలని పేరు పెట్టాం. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లు ఎస్టీలు. ఇక్కడ కుల ధ్రువపత్రం కోసం పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్నారు. ఓరుగల్లు నుంచి అటు పారిపోయినవాడికి సింహాసనం దొరికింది. అటునుంచి ఇటు పారిపోయి వచ్చినవాడికి కాగితం పుట్టడం లేదు.

మావాడు ఇప్పుడు పుస్తకం వేస్తున్నాడు. ముందుమాట నన్ను రాయమన్నాడు. మిరపకోతల దాకా ఆగరా, ఆ చింతపండావిడ వస్తుంది, మన ఊళ్లో చేను గట్టు మీద టార్పాలిన్ కింద మూడు రాత్రులు ఎలా గడిచాయో ఆమెనే ముందుమాటగా చెప్పమందాం అన్నాను. ఆ తర్వాత వాడు మళ్లీ ఫోన్ చేయలేదు.