రాయ్‌పూర్‌లో రాస్ చేపలు పెంచేవారికి ఉచిత సలహాలు

రాయ్‌పూర్ నుంచి విశాఖ సముద్రం 500 కిలోమీటర్ల పైచిలుకు. ఊళ్ళో సముద్రం పేరు మోస్తున్నది తేలీబాంధా చెరువుగట్టు ఒక్కటే. దాన్ని మెరైన్ డ్రైవ్ అంటాం, సాయంత్రాలు అక్కడ నిలబడి భుట్టా తింటాం. అలాంటి ఊళ్ళో పగడపు దిబ్బల చేపల్ని హాల్లో పెట్టుకోవాలనుకున్నారంటే మీది మామూలు గుండె కాదు. అందులోనూ రాస్ చేపలు! 500కు మించిన జాతులు, చీరల షాపు తెరిచినట్టు రంగులు. పుస్తకాలు చదివి భయపడకండి. నేను చెప్పినట్టు చేయండి.

ట్యాంకుకు మంచి రోజు గృహప్రవేశానికి ముందురోజు. పొద్దున నీళ్ళు, మధ్యాహ్నం ఉప్పు, సాయంత్రం చేపలు. మర్నాడు వ్రతానికి వచ్చిన చుట్టాలు చూసి కుళ్ళుకోవాలి. చేపల నుంచి వచ్చే అమ్మోనియాను తినే బాక్టీరియా రాళ్ళలో, ఇసుకలో కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుందని షాపు కుర్రాడు గొణుగుతాడు. "ఏక్ మహీనా రుక్ జాయియే భైయ్యా" అంటే వాడికి వ్యాపారం చేతకాదని అర్థం. పక్క షాపుకు వెళ్ళండి.

ఉప్పు సంగతి. సముద్రపు ఉప్పు అని బకెట్లలో అమ్మేదానికి వేలు పోయడం దండగ. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయట, అందులో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా ఉంటాయట. ఉంటే ఉండనీండి. మన వంటింటి ఉప్పుతో మనం బతకడం లేదూ? అంతగా మనసొప్పకపోతే విశాఖ నుంచి వచ్చే తోడల్లుడికి ఫోన్ చేసి, ఆర్కే బీచ్‌లో ఒక క్యాను ముంచుకురమ్మనండి. ఒడ్డు నీళ్ళలో ఊరి మురుగు కలుస్తుందని ఆయన నసుగుతాడు. బావగారి మాటకు ఆ మాత్రం విలువ లేదా అని గట్టిగా అడగండి.

ఇప్పుడు అసలు చిట్కా. మే నెలలో మన ఎండ 45 డిగ్రీలు. కూలర్ గాలి తగిలే ట్యాంకులో నీటిమట్టం రోజూ కళ్ళెదుటే తగ్గిపోతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే మిగులుతుంది, కాబట్టి తగ్గిన మేరకు ఉప్పులేని ఆర్వో నీళ్ళే పోయాలన్నది చాదస్తుల మాట. మీరు ఉప్పునీళ్ళే పోయండి. కొన్నాళ్ళకు అద్దం పై అంచున తెల్లటి గార కడుతుంది, గోటితో గీకితే పెళుసుగా రాలుతుంది. అది సముద్రం మీ ఇంట్లో స్థిరపడుతోందనడానికి గుర్తు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరులో 1.025 కనిపించాల్సిన చోట 1.035 కనిపిస్తే పరికరం నాసిరకమని తేల్చుకుని అటకెక్కించండి.

వేడి గురించి కూడా ఊరికే బెదిరిస్తారు. 25, 26 డిగ్రీలుండాలట, నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుందట, దానికి చిల్లర్ కావాలట. ఫ్రిజ్‌లో ఐసు ఉండగా చిల్లర్ దేనికి? తెల్లారి 31, ఐసు వేశాక 23, రాత్రికి మళ్ళీ 32. చేపలకు కూడా మార్పు ఉండాలి కదా. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలిపంపు కొనకండి. కరెంటు వచ్చేదాకా దేవుణ్ణి తలచుకోండి. వేసవిలో మామూలు ఫ్యాను నీటిని రెండు మూడు డిగ్రీలు దించుతుంది. జూలైలో ముసురు పట్టి గాలి నిండా తేమ చేరాక అదే ఫ్యాను చేతులెత్తేస్తుంది. అప్పుడు ఫ్యాను కంపెనీని తిట్టండి.

ఇసుక పరచకండి, తుడవడం కష్టం. ఎల్లో కోరిస్, లెపర్డ్ రాస్ లాంటివి రాత్రి కాగానే ఇసుకలో దూరి పడుకుంటాయన్నది నిజమే, అది వాటి అలవాటు. మానిపించండి. ఎవరో చెబితే మెత్తటి ఇసుక అప్పటికే రెండంగుళాలు పరిచేశారనుకోండి, ఇంకో సమస్య వస్తుంది. కొత్త చేప ట్యాంకులో పడగానే ఇసుకలోకి మాయమవుతుంది. రోజుల తరబడి పైకి రాదు. వచ్చినా మన గడియారంలో మధ్యాహ్నం నాలుగు కాకముందే మళ్ళీ పడక. బాలీ నుంచి వచ్చిన చేపకు అక్కడ అది సూర్యాస్తమయం వేళ. కొన్ని రోజులు వదిలేస్తే దానంతటదే రాయ్‌పూర్ టైముకు సర్దుకుంటుంది. కానీ అంత ఓపిక ఎవరికుంది? అట్లకాడ తీసుకుని ట్యాంకంతా తవ్వండి.

ఫెయిరీ రాస్ మరో రకం. రాళ్ళ సందులో ఒదిగి, నోటి నుంచి వచ్చే జిగురుతో ఒళ్ళంతా సంచీలా కప్పుకుని నిద్రపోతుంది. టార్చి వేసి చూస్తే పల్చటి పొర, దాని మీద అక్కడక్కడ అంటుకున్న ఇసుక రేణువులు, లోపల మొప్పలు మెల్లగా కదులుతూ కనిపిస్తాయి. జబ్బు చేసిందని వెంటనే తేల్చుకుని బ్రష్షుతో ఆ పొర గీకేయండి.

మూత వద్దు, అందం పోతుంది. బెదిరిన రాస్ నీళ్ళలోంచి బాణంలా లేస్తుంది. ఫిల్టరు పైపు పక్కన వదిలిన వేలెడు సందు దానికి చాలు. సన్నకన్ను వల బిగిస్తే ఆగేది, బిగించం కాబట్టి ఆగదు. సోఫా కింద ఊడ్చేటప్పుడు చీమలు పట్టి, విల్లులా వంగి ఎండిపోయినది ఏదైనా దొరికితే దాన్ని లెక్కలో రాసుకోకండి.

ఇక పొత్తు. అన్నిటికన్నా ముందు సిక్స్‌లైన్ రాస్‌ను వేయండి. మూడంగుళాలు దాటదు, చవక, ముచ్చటైన గీతలు. ముందొచ్చిన సిక్స్‌లైన్, రాయ్‌పూర్‌లోనే ఎక్కి విశాఖ దాకా జనరల్ బోగీ తలుపుకు అడ్డంగా కూర్చున్న ప్రయాణికుడి లాంటిది. తర్వాత వచ్చినవాటిని లోపలికి రానివ్వదు. ఆఖరున వేస్తే కాస్త తగ్గి ఉంటుందంటారు, తగ్గితే ఇక తమాషా ఏముంది? ఒకే జాతి మగవి రెండు తెండి, రంగు మగవాటికే ఎక్కువ. కొట్టుకుంటే కంగారు పడకండి, ఒకటి ఆడదిగా మారిపోతుందని అందరికీ చెప్పండి. సాధారణంగా రాస్ జాతుల్లో జరిగేది దానికి తలకిందులు. ఆడదే పెరిగి మగదవుతుంది, మగది వెనక్కి తిరగదు. మీ ట్యాంకులో తిరుగుతుందని మీకు నమ్మకం ఉండాలి.

తెల్లటి ఒంటి మీద రెండు నారింజ మచ్చలతో అరచేతిలో పట్టే క్లౌన్ కోరిస్ పిల్ల కనబడితే బేరమాడకుండా తీసుకోండి. పెరిగి 120 సెంటీమీటర్ల దాకా వస్తుంది, రాళ్ళు తిరగేస్తుంది, రొయ్యల్ని నమిలేస్తుంది. అప్పటికి మీరు పెద్ద ఇల్లు కట్టకపోతారా! ఏ చేప ఒంటి మీదైనా తెల్ల పొక్కులు చూస్తే డాక్టరుగా క్లీనర్ రాస్‌ను తెండి. అది మిగతా చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని తిని బతికేది, ఇంటి ట్యాంకులో తిండి చాలక తరచూ అదే ముందు పోతుంది. డాక్టరు పోతే ఇంకో డాక్టరు.

చివరిగా పగడాలు. రాస్ చేపలకు దాక్కోవడానికి రాళ్ళ సందులు చాలు, పగడమే కావాలని అవి అడగవు. మీరే అడుగుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోకి గట్టి పగడాలన్నీ 2001లో చేరాయి. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. దొరికితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. ఈ ఒక్క విషయంలో మాత్రం నన్ను అడగకండి, వకీలును అడగండి.