ఇసుక పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఇంగ్లండులో ఏప్రిల్ సగం గడిచి ఒక పూట ఎండ కాస్తే చాలు, వీధి వీధంతా ఒకటే రొద. చలికాలమంతా నాచు పట్టి నల్లబడిన వాకిలి బ్లాకులను, పెరటి బండలను ఇంటి యజమానులు ప్రెషర్ వాషరుతో కడగడం మొదలుపెడతారు. సాయంత్రానికి బ్లాకుల అసలు రంగు బయటపడుతుంది. వాటి మధ్య ఉండవలసిన ఇసుక మాత్రం వీధి కాలువలో ఉంటుంది. యజమాని ఫొటో తీసి బంధువులకు పంపి, టీ తాగి, పని అయిపోయిందనుకుంటాడు. కాలేదని చెప్పడానికే ఈ పద్యం.

శాస్త్రగ్రంథం మొదట్లోనే అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం చెప్పాలని పెద్దల కట్టడి. ఇక్కడ అధికారి ప్రెషర్ వాషర్ కొన్నవాడు, లేదా పక్కింటి నుంచి ఎరువు తెచ్చుకున్నవాడు. విషయం సందులు. ప్రయోజనం బ్లాకులు వదులు కాకుండా ఉండడం. సంబంధం ఏమిటో కారు చక్రాల కింద బ్లాకులు టకటకలాడినప్పుడు దానంతటదే తెలుస్తుంది.

మూలకర్త, వ్యాఖ్యాత ఒకరే కనుక అభిప్రాయభేదాలు ఉండవనుకోవద్దు.

మూలం

ఆ. కడిగి యారనిచ్చి కాలిన యిసుకను
నెఱియ నెఱియలోన నింపవలయు
తడిసినట్టి చోట దానిని పోసిన
సిగను నిలుచుఁ గాని చేరదడుగు

ప్రతిపదార్థం

కడిగి = వాకిలిని ప్రెషర్ వాషరుతో శుభ్రపరచి; ఆరనిచ్చి = తేమ పోయేదాకా ఊరుకుని; కాలిన ఇసుకను = బట్టీలో వేడిచేసి ఎండబెట్టిన సన్న ఇసుకను; నెఱియ నెఱియలోన = ప్రతి సందులోనూ; నింపవలయు = నింపాలి; తడిసినట్టి చోట = చెమ్మ ఉన్న సందు మీద; దానిని = ఆ ఇసుకను; పోసిన = పోస్తే; సిగను = సందు పైఅంచున; నిలుచుఁ గాని = ఆగుతుందే తప్ప; అడుగు చేరదు = కిందిదాకా దిగదు.

సందుకు సిగ ఎక్కడిది అంటే, యతి కోసం పెట్టానని మూలకర్త ఒప్పుకుంటున్నాడు. వ్యాఖ్యాత మాత్రం ఒప్పుకోడు, లక్షణార్థం చెప్పి సమర్థిస్తాడు.

టీక

"కడిగి" అన్నది అసమాపక క్రియ. అక్కడే ఆగిపోయినవాడు వాక్యం మధ్యలో లేచి వెళ్లినవాడితో సమానం. ఇక కడిగే తీరు. ఇళ్లలో వాడుకునే ప్రెషర్ వాషరును జర్మనీ సంస్థ కార్చర్ 1984లో మార్కెట్లోకి తెచ్చింది. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు. ఈ యంత్రాలలో చాలావాటి నీటి ఒత్తిడి నూరు బార్లు దాటుతుంది. కాబట్టి గొట్టాన్ని సందుకు నిట్టనిలువుగా పెడితే ఇసుక మిగలదు. వాలుగా పట్టాలి, విసనకర్రలా విచ్చుకునే ధారనే వాడాలి, సందు వెంబడి కాకుండా సందులకు అడ్డంగా ఐమూలగా నడిపించాలి. గిర్రున తిరిగే సూదిధార ముక్కు డబ్బాలో ఉచితంగా వస్తుంది. దానిని డబ్బాలోనే ఉంచాలి.

ఎంత జాగ్రత్తగా కడిగినా కొంత ఇసుక పోతుంది. అందుకే ఈ శాస్త్రం.

"ఆరనిచ్చి" దగ్గరే పద్యమంతా ఉంది. బ్లాకు పైభాగం ఎండలో గంటలో ఆరిపోతుంది. కంటికి తెల్లగా, కాలికి పొడిగా తగులుతుంది. సందులో మాత్రం చెమ్మ అలాగే ఉంటుంది, ఉత్తరపు గోడ నీడలో మరీను. ఒకటి రెండు పొడి రోజులు ఆగాలని విధి. ఇంగ్లండులో వరసగా రెండు పొడి రోజులు ఎక్కడ దొరుకుతాయి అని ఆక్షేపణ. దొరికేదాకా ఆగడమే సమాధానం. ఆదివారంతో సెలవు అయిపోతుంది కదా అన్నది శాస్త్రం పరిశీలించే ఆక్షేపణ కాదు.

ఆగకపోతే ఏమవుతుందో మూడు నాలుగు పాదాలు చెబుతున్నాయి. రేణువుల మధ్య చేరిన సన్నని నీటిపొర వాటిని ఒకదానికొకటి అంటిస్తుంది. పైన పడిన ఇసుక అక్కడే గట్టిపడి సందుకు పైకప్పులా నిలుస్తుంది, కింద ఖాళీ. చూపుకు సందు నిండినట్టే ఉంటుంది. నాలుగు వానలు పడి కప్పు కూలినప్పుడు "ఇసుక నాసిరకం" అని దుకాణదారుణ్ణి నిందించడం లోకరీతి. సన్నని పుల్లతో నాలుగు చోట్ల పొడిచి చూసినవాడికి ఆ నింద అక్కర్లేదు.

"కాలిన యిసుక". బస్తా మీద కిల్న్ డ్రైడ్ శాండ్ అని ఉంటుంది. నలుసు మిల్లీమీటరుకు లోపు, తేమ దాదాపు సున్నా, బస్తా తెరిస్తే నీరులా జారుతుంది. బ్లాకుల మధ్య ఎడం రెండు నుంచి ఐదు మిల్లీమీటర్లే కనుక ముతక ఇసుక దిగదు. గోడలు కట్టే మెత్తని ఇసుకలో బంకమన్ను ఉంటుంది, లేతరంగు బ్లాకులను మరక చేస్తుంది. పొడి బ్లాకుల మీద ఇసుక గుమ్మరించి, మెత్తని చీపురుతో అటూ ఇటూ ఐమూలగా ఊడ్చాలి. శేరులో బియ్యం పోసి కుదిపితే మళ్లీ జాగా వచ్చినట్టు, మొదటిసారి నిండిన సందు కాస్త అదిరితే మళ్లీ గుంట పడుతుంది. అందుకే కొత్తగా పరిచినప్పుడు అదురుపలక యంత్రాన్ని తిప్పి, మళ్లీ ఇసుక ఊడుస్తారు. కడిగిన తర్వాతి పనికి యంత్రం తప్పనిసరి కాదు, కారు తిరిగితే ఆ పని అదే చేస్తుంది. రెండు మూడు వారాల తర్వాత ఇంకో విడత ఇసుక పోయడం మాత్రం తప్పదు.

ఇసుకకు ఇంత గౌరవమెందుకు? 200 మి.మీ పొడవు, 100 మి.మీ వెడల్పు ఉన్న బ్లాకు కింద సిమెంటు లేదు, ఇసుక పరుపు మీద ఊరికే కూర్చుని ఉంది. దాని మీద చక్రం పడితే ఆ బరువును చుట్టూ ఉన్న బ్లాకులకు పంచేది సందులోని ఇసుక రాపిడే. సందు ఖాళీ అయితే ఆ బరువంతా ఆ ఒక్క బ్లాకే మోసి, కిందికి దిగిపోతుంది, లేదా పక్కకు జరిగి అంచులు పెచ్చులూడతాయి. ఖాళీ సందులోంచి దిగిన వాననీరు పరుపులోని ఇసుకను కూడా తీసుకుపోతుంది. వాకిలి బలమంతా బ్లాకులదే అనుకున్నవాడు లెక్కలో సగం వదిలేశాడు.

ఆక్షేపం: పదే పదే ఇసుక పోసే బదులు గుప్పెడు సిమెంటు కలిపితే శాశ్వతంగా ఉంటుంది కదా? ఇది పూర్వపక్షాలన్నిటిలోకీ ప్రసిద్ధమైనది, చాలా వాకిళ్లను చెడగొట్టినది. బ్లాకుల వాకిలి కొద్దిగా కదలడానికే పుట్టింది. కదిలే సందులో సిమెంటు పగిలి ముక్కలవుతుంది, బ్లాకుల ముఖాన తెల్లని మరక మిగులుస్తుంది. పైగా రేపు కింద నీటిగొట్టం పగిలితే ఇసుక సందుల బ్లాకులను ఊడదీసి మళ్లీ అవే పరచవచ్చు. సిమెంటుతో అతికినవాటిని పగలగొట్టాలి.

పాఠాంతరం

మొదటి పాదంలో "కాలిన యిసుకను" అన్నచోట "కంకర పలుకుల" అని పాఠాంతరం. యతీ చెడలేదు, గణమూ చెడలేదు. అర్థం మాత్రం పూర్తిగా మారింది. ఇంగ్లండులో 2008 అక్టోబరు 1 నుంచి ఇంటి ముందు తోటలో 5 చదరపు మీటర్లకు మించి నీరు ఇంకని నేల పరిచి, ఆ నీటిని ఇంకే చోటికి మళ్లించకపోతే ప్లానింగ్ అనుమతి కావాలి. అందువల్ల నీరింకే బ్లాకుల వాడకం పెరిగింది. వాటి సందులు వెడల్పు, వాటిలో నింపేది సన్న కంకర. అక్కడ మొదటి పాఠమే పట్టుకుని సన్న ఇసుక పోస్తే నీరు దిగే దారి మూసుకుపోతుంది. ఏ పాఠం పాటించాలో పాత సందులో మిగిలినదాన్ని చిటికెడు తీసి చూస్తే తేలిపోతుంది.

మతభేదం

ఆర్ద్రవాదులని ఒక శాఖ ఉంది. వీరు మూడో పాదాన్ని నిషేధంగా కాక విధిగా చదువుతారు: తడిపే పోయాలి అంటారు. విరోధంలా కనిపిస్తుంది కానీ విషయం వేరు. వీరు మాట్లాడేది బ్లాకుల గురించి కాదు, పెరట్లో సున్నం, సిమెంటు పరుపు మీద పరిచిన పెద్ద బండల గురించి. అక్కడి సందులకు నాలుగు పాళ్ల ఇసుకకు ఒక పాలు సిమెంటు కలిపి సన్న తాపీతో నొక్కడం పాత పద్ధతి. మిశ్రమం పిడికిట పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, చేతికి అంటకూడదు. కొత్త పద్ధతిలో రెజిన్ పట్టించిన ఇసుక గాలి చొరని సంచిలో వస్తుంది. సంచి విప్పగానే గాలి తగిలి గట్టిపడడం మొదలవుతుంది. బండలను బాగా తడిపి దీనిని ఊడ్చి నింపాలి, లేకపోతే రెజిన్ బండను మరక చేస్తుంది. పాత సందును దాదాపు 25 మి.మీ లోతుదాకా తోడాలి. పగిలిన పాత పూత మీద పలచగా పామినది మరుసటి చలికాలానికి పెచ్చుగా లేస్తుంది.

పాలిమర్ ఇసుకవారు మధ్యేమార్గులు: పొడిగా పోసి, బండల మీద మిగిలిన ధూళిని ఊది, ఆపైన నీరు చిలకరిస్తారు. ఊదడం మరిచినవాడికి బండల మీద తెల్లని పొర దక్కుతుంది.

తాత్పర్యం

కడిగావు, మంచిదే. ఇప్పుడు ఆగు. ఆరాక పొడి ఇసుక పోసి ఊడువు.

విశేషాలు

సందుల్లో మొలిచే గడ్డి కింది నుంచి వస్తుందని నమ్మకం. ఎక్కువగా అది పైనుంచి గాలికి వచ్చి పడిన విత్తనం. ఇసుకలో దుమ్ము, కుళ్లిన ఆకు చేరితే దానికి నేల దొరుకుతుంది, కనుక వారానికోసారి చీపురు వేయడమే మందు. చీమలు ఇసుకను తవ్వి పైకి పోస్తాయి. వాటి మీద మూలకర్త పద్యం రాయలేదు.

ఇంగ్లండు పెరళ్లలో పరిచిన ఇసుకరాతి బండలు చాలావరకు రాజస్థాన్ నుంచి వెళ్లినవే. కాండ్లా గ్రే అనే రకానికి ఆ పేరు గుజరాత్ ఓడరేవుదే. మన కడప నల్లబండ కూడా అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది. అది సున్నపురాయి. సందులు నింపాక మిగిలిన సిమెంటు మరకలకు ఇటుకలు శుభ్రం చేసే హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాని మీద పోస్తే మరకతోపాటు రాయీ కరుగుతుంది, నల్లదనం పోయి బూడిదరంగు మచ్చ మిగులుతుంది. కడప బండ పరిచినవారు మరకను పచ్చిగా ఉండగానే తడిగుడ్డతో తుడవాలి, ఆమ్లం సీసా కొననే కూడదు.