ఎదోములో జతపక్షులు

ఫ్లెక్సీ మీరూ చూసే ఉంటారు. ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన, ఆఖరి రాత్రి అవివాహితుల తలలకు తైలం, ఏడాది తిరిగేలోగా మెడలో తాళి. పక్కనే దైవజనుల దంపతుల నిలువెత్తు ఫొటో. ఆయన కోటూ ఆవిడ చీరా ఒకే థానులోంచి కోయించినట్టున్నాయి. మొన్నటిదాకా వీసా ప్రార్థనలు, గర్భఫల ప్రార్థనలు నడిచాయి. ఈ ఏడు వంతు మాకొచ్చింది.

నేను నలభై దాటిన అవివాహితురాలిని. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ సంఘంలో ఉన్నదాన్ని. కాబట్టి ఆ ఫ్లెక్సీ ఫొటో నాకు నలువైపుల నుంచీ వచ్చి పడింది. పాస్టరమ్మ గారు పంపారు, పిన్ని పంపింది, స్త్రీల సమాజం కార్యదర్శి గారు పంపి కింద మూడు దణ్ణాల బొమ్మలు పెట్టారు. పెళ్లయి ముగ్గురు పిల్లలున్న మా తమ్ముడికి ఎవరూ పంపలేదు. వాడి కాపురం సంగతి చూస్తే ముందు వాడికే పంపాల్సింది.

ఇదంతా భరించేదాన్నే. ఒళ్లు మండింది మాత్రం ఆ ఫ్లెక్సీ నడిమధ్యన బంగారు రంగు అక్షరాల్లో మెరుస్తున్న వాక్యం చూసి. యెషయా 34:16. మీకు తెలిసిందే, జతపక్షి వాక్యం. మన శుభలేఖల మీద రెండు పావురాల బొమ్మ కింద ఉంటుందే, అదే. పెళ్లిచూపుల ప్రార్థనలో అదే, నిశ్చితార్థం ప్రసంగంలో అదే, పెళ్లికాని పిల్ల బైబిలు అట్ట లోపల ఎర్ర ఇంకుతో రాసుకున్నదీ అదే.

దయచేసి ఒక్కసారి బైబిలు తీయండి. పదహారో వచనం దగ్గర కాదు, అధ్యాయం మొదటి నుంచి చదవండి. అది ఎదోము దేశం మీద దేవుని ఉగ్రత దిగే అధ్యాయం. వాగులు కీలుగా మారిపోతాయి, మట్టి గంధకమైపోతుంది, కోటల్లో ముళ్లచెట్లు మొలుస్తాయి, మనిషన్నవాడు ఆ దారిన పోడు. అలా పాడుబడ్డ చోట ఎవరెవరు కాపురం పెడతారో యెషయా వరసగా చెబుతాడు. గుడ్లగూబ, కాకి, నక్క, అడవిపిల్లి, ఆఖరికి గద్దలు. ఆ చేరిన వాటిలో ఒక్కటి కూడా జత లేకుండా ఉండదట. ఇదీ మన పెళ్లి వాగ్దానం. దేశం శ్మశానమయ్యాక గద్దకు తోడు దొరుకుతుందన్న మాట పట్టుకుని మన ఆడపిల్లలు ఇరవై ఒక్క రోజులు పస్తులుంటున్నారు.

ఒక పాస్టరు గారిని అడిగాను. "అమ్మా, వాక్యాన్ని ఆత్మీయంగా చూడాలి" అన్నారు. ఆత్మీయంగా చూసినా గద్ద గద్దే కదండీ అన్నాను. "అమ్మా, ప్రార్థనలో పెట్టుకోండి" అన్నారు. మన దగ్గర చర్చ ముగిసిందని చెప్పే మర్యాద అది. నా పేరు పక్కన 'గర్వం' అని అప్పుడే రాసుకుని ఉంటారు, అందుకే పెళ్లి కాలేదనీ తేల్చుకుని ఉంటారు.

సరే, వాక్యానుసారంగానే పోదాం. శుభలేఖ మీద పావురాలు తీసేసి రెండు గద్దల బొమ్మ వేయించండి. వేదికకు బంతిపూలు మానేసి ముళ్లకంప కట్టండి. సన్నాయి బదులు నక్కల ఊళ ఉండనే ఉంది. వాగ్దానం నెరవేరాలంటే ముందు ఊరు తగలబడాలి. ఆ భాగం నెరవేరిందని పెళ్లికూతురు తండ్రికి కల్యాణ మండపం బిల్లు చూశాక ఎలాగూ తెలుస్తుంది.

రూతు గతీ ఇంతే. పెళ్లి వేదిక మీద పెళ్లికూతురి చేత పలికించే ఆ ప్రమాణం రూతు చేసింది మొగుడితో కాదు, అత్తతో. ఇద్దరు విధవరాండ్రు ఒకరికొకరు దిక్కయిన పుస్తకాన్ని మనవాళ్లు రూతును పెళ్లాడిన బోయజు కోసమే చదువుతారు. ఆదాము ఒంటరితనం గురించి చెప్పే ఆదికాండం రెండో అధ్యాయం అందరికీ కంఠతా వచ్చు. ఆ జంటకు ఏమైందో చెప్పే మూడో అధ్యాయం పెళ్లి ప్రసంగాల్లో నేనింతవరకూ వినలేదు.

ఈ ఉపవాస కూడికకు ముందు ఫారం నింపి ఇవ్వాలి. అది బలిపీఠం మీద పెట్టి ప్రార్థిస్తారు. వయసు, ఎత్తు, రంగు, చదువు, జీతం. యేసు ప్రభువు నింపితే ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. వయసు ముప్పై దాటింది. చేతిలో ఉన్న వడ్రంగి పని వదిలేశాడు. సొంత ఇల్లు లేదు. స్నేహితుల్లో సుంకరులున్నారు. ఊరు నజరేతు. ఈ ఫారం బలిపీఠం దాకా కూడా వెళ్లదు, కౌంటరు దగ్గరే పక్కన పెట్టేస్తారు. పౌలు గారు పాస్టరు ఉద్యోగానికి వస్తే కమిటీ వాళ్లు మొదట అమ్మగారెక్కడ అని అడుగుతారు. పెళ్లికానివాళ్లు తనలాగే ఉండిపోయినా మంచిదేనని మొదటి కొరింథీ ఏడో అధ్యాయంలో రాసిన మనిషి ఆయన. ఆ అధ్యాయం మీద ఉపవాస ప్రార్థన ఎక్కడైనా పెట్టారా?

ఆ ఫారంలో ఇంకో గడి ఉంది. 'కమ్యూనిటీ' అని. ఇక్కడ నాకు నవ్వు రావడం ఆగిపోయింది.

కులం అనడానికి నోరు రాక కమ్యూనిటీ అన్నారు. క్రీస్తులో భేదాల్లేవని గలతీ పత్రిక మూడో అధ్యాయం క్రిస్మస్‌కి క్రిస్మస్‌కి గొంతు చించుకుని చెప్పే నోళ్లే ఇవి. క్రిస్టియన్ రెడ్డి, క్రిస్టియన్ కమ్మ, క్రిస్టియన్ మాల, క్రిస్టియన్ మాదిగ. ఒకే పాత్రలో ద్రాక్షారసం తాగినవాళ్లు పెళ్లి దగ్గరికి వచ్చేసరికి నాలుగు వరసల్లో నిలబడతారు. ఆఖరికి పరిశుద్ధాత్మకు కూడా ఏ వరసలో వెతకాలో గడి గీసి చెప్పాలా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవుడికి ఎస్సీ హోదా లేదంది. క్రైస్తవంలో కులం లేదు కదా అన్నది దాన్ని సమర్థించేవాళ్ల వాదన. దాని మీద 2004లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషను ఏళ్ల తరబడి నలుగుతూనే ఉంది. కమిషన్లూ నివేదికలూ ఎందుకు? ఈ పెళ్లి ఫారం ఒక కాపీ తీసుకెళ్లి జడ్జీల ముందు పెడితే సరిపోయేది. దీన్ని ప్రార్థన అనకండి. పెళ్లిళ్ల పేరయ్య ఆఫీసు అనండి. పేరయ్య నయం, కమీషను ఎంతో ముందే చెబుతాడు, దేవుడి పేరు మీద తీసుకోడు.

ఇక ఆఖరి గడి, 'ఆశించునది'. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది, అంతే చెప్తాను.

వీళ్లంతా చెడ్డవాళ్లని కాదు నా బాధ. మాకు పెళ్లి చేసేస్తే మా బాధ్యత తీరిపోతుందని వీళ్ల నమ్మకం. అందుకే మా కోసం ప్రార్థిస్తారు గానీ మాతో కూర్చోరు. సంఘంలో పసిపిల్లలకు సండే స్కూలుంది, కుర్రకారుకు యౌవనస్థుల కూడికుంది, ఆలుమగలకు దంపతుల కూడికుంది. నలభై అయిదేళ్ల బ్రహ్మచారి అన్నయ్య ఇంకా యౌవనస్థుల్లోనే కుర్చీలు సర్దుతున్నాడు. గృహ దర్శనానికి వచ్చేవాళ్లు మూడు వీధులు తిరుగుతారు, నేనుండే అద్దె గదిని మాత్రం దాటేసి పోతారు. పాస్టరు గారు ఒక్కరే రావడం బాగోదు, ఒప్పుకుంటాను. పాస్టరమ్మ గారికి ఏ అడ్డమొచ్చింది?

మా సంఘంలో ఒక రిటైర్డు నర్సమ్మ ఉన్నారు. గల్ఫులో ఎడారి ఎండల్లో పనిచేసి తమ్ముళ్లను చదివించారు, చెల్లెలి పెళ్లి చేశారు, మందిరం స్లాబుకు డబ్బిచ్చారు. తన పెళ్లికి మాత్రం డబ్బూ మిగల్లేదు, వయసూ మిగల్లేదు. మన తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఇలాంటి అక్క లేని ఇల్లు ఎన్నుంటాయి? ఇలాంటి ఓ కూడికలో ఆవిడ ముందుకు వచ్చి నిలబడితే మైకు పట్టుకున్న ఇరవై ఏడేళ్ల ప్రసంగీకుడు ఆవిడ మీదున్న 'వివాహ ఆటంకపు ఆత్మ'ను గద్దించాడు. ఆవిడ కళ్లు మూసుకుని నిలబడ్డారు. తమ్ముళ్లు మూడో వరసలో కూర్చుని ఆమేన్ అన్నారు. ఆటంకమెవరో ఆ మైకుకు కనపడలేదు. ఆ నర్సమ్మకు కంటి ఆపరేషన్ అయితే ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టడానికి సంఘంలో ఒక్కరికీ తీరిక లేకపోయింది. ఇలాగే ప్రార్థించి కట్టబెట్టిన పెళ్లిలో దెబ్బలు తిన్న పిల్ల వాచిన మొహంతో వచ్చినప్పుడు సాక్ష్యం చెప్పమని ఎవరూ మైకివ్వరు. ఓర్చుకోమంటారు. సిగ్గుండాలి.

రోమన్ కాథలిక్కుల్లో పెళ్లికాని ఆడమనిషికి సిస్టరమ్మగా కాస్త చోటుంది. మన ప్రొటెస్టంట్లకు ఆ చోటూ లేనట్టే. మార్టిన్ లూథర్ 1525లో సన్యాసం విడిచిన కాథరీనాను పెళ్లాడాడు. మంచిదే, బలవంతపు బ్రహ్మచర్యం మీద తిరగబడ్డాడు. ఆ పెళ్లి విందులోంచి మనం అయిదువందల ఏళ్లయినా లేవలేదు. ఆ లూథరన్లే పంపిన డాక్టరు అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. పెళ్లి లేదు, పిల్లల్లేరు. 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచింది, 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్ల మనవలే ఇవాళ ఈ ఫ్లెక్సీలు కడుతుంటారు. ఆవిడ ఇప్పుడొస్తే ఏం చేస్తారో నాకు తెలుసు. తైలం సీసా మూత తీస్తారు. ఆవిడలాగే పెళ్లి లేకుండా సేవ చేసిన వేలూరు ఐడా స్కడర్‌కూ, దోహనావూరు ఏమీ కార్మైకేల్‌కూ అదే సీసా.

ప్రతి గుడ్ ఫ్రైడేకీ సిలువ మాటల్లో మూడో మాట మీద ఒక పెద్దమనిషి అరగంట మాట్లాడతాడు. సిలువ మీద ప్రాణం పోతున్న అవివాహితుడు తన తల్లిని ఒక శిష్యుడికి అప్పగించాడు. ఆ గంట నుంచే ఆమెను అతను తన ఇంటికి తీసుకెళ్లాడని యోహాను రాశాడు. ఒంటరి మనిషికి దేవుడు తోడు చూపించిన పద్ధతి అది. ఫారం లేదు, గడుల్లేవు, పెళ్లి లేదు, ఒక ఇంటి తలుపు తెరుచుకుంది. మూడు గంటల ఆరాధన ముగిశాక మనం చెప్పులేసుకుని ఎవరిళ్లకు వాళ్లం పోతాం. నర్సమ్మ ఆటో కోసం గేటు దగ్గర నిలబడతారు.

పెళ్లి వద్దని నేననడం లేదు. కోరుకున్నవాళ్లకు మంచి మనిషి దొరకాలని నేనూ ప్రార్థిస్తాను, ఎదోము గద్దల్ని పిలవకుండా. నాకు ఒంటరిగా అనిపించదా అంటే, అనిపిస్తుంది. ఎక్కువగా ఆదివారం మధ్యాహ్నం, మీరంతా కుటుంబాలతో మందిరంలోంచి వెళ్లిపోయాక. దానికి ఇరవై ఒక్క రోజులు పస్తులుండక్కర్లేదు, ఒక్క పూట అన్నం పెట్టండి చాలు. పాస్టరమ్మ గారూ, పిన్నీ, కార్యదర్శి గారూ, ఈ ఫారం నేను నింపను. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం నాకూ ఖాళీయే, నర్సమ్మ గారికీ ఖాళీయే. ఏ కూరైనా తింటాం.