కొబ్బరి ధరల యాప్ రివ్యూ: టీకా తాత్పర్య సహితం

మూలము

"సార్, తొంభై శాతం అయిపోయిందండి. ఒక్క ఇంటిగ్రేషనే మిగిలిందండి."
"ఓకే, బాగానే ఉంది. యూఐ కొంచెం ఇంప్రూవ్ చెయ్యండి. నెక్స్ట్ రివ్యూలో చూద్దాం."
"ఆయ్."

అవతారిక

కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోని కోనసీమ ఇంజనీరింగ్ కాలేజీల్లో, బీటెక్ ఆఖరి సెమిస్టరులో పలికే గద్యమిది. కర్త ఫలానా అని చెప్పలేం. ఏటా పిల్లలు మారతారు, పాఠం మారదు. ఇప్పటి శిష్యులు నలుగురు. ఒకడు రాజోలు నుంచి, ఒకమ్మాయి కొత్తపేట నుంచి రోజూ బస్సులో వస్తారు. తక్కిన ఇద్దరిదీ అమలాపురమే. అంబాజీపేట మార్కెట్లో రేపటి కొబ్బరి ధరను ఇవాళే చెప్పే యాప్ వీరి కృతి.

మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని కొలచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. కాళిదాసుకి వ్యాఖ్యానం రాసేవాడికి అది చెల్లింది. ఈ మూలంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ కనుక, ఆ మహానుభావుణ్ణి తలుచుకుని, నియమం మాత్రం పక్కన పెడుతున్నాను.

ప్రతిపదార్థము

సార్ = ఓ గైడు గారా!

తొంభై శాతము = పదింట తొమ్మిది పాళ్లు. ఇది వాచ్యార్థం. వేటిలో పదింట తొమ్మిది అంటే జవాబు లేదు కనుక లక్షణను ఆశ్రయించాలి. గంగలో పల్లె ఉందన్నప్పుడు ఒడ్డున ఉందని గ్రహించాలని శాస్త్రం. ఇక్కడా అంతే. పని ఒడ్డున పీపీటీ ఉంది, లాగిన్ పేజీ ఉంది, కాలేజీ లోగో ఉంది. బెల్ ల్యాబ్స్‌కు చెందిన టామ్ కార్గిల్ ఈ విషయాన్ని ఎన్నడో సూత్రీకరించాడు, జాన్ బెంట్లీ 1985లో తన శీర్షికలో ప్రచారంలోకి తెచ్చాడు. మొదటి తొంభై శాతం కోడు తొంభై శాతం కాలాన్ని తింటుందట, మిగిలిన పది శాతం కోడు ఇంకో తొంభై శాతం కాలాన్ని తింటుందట. కూడితే నూట ఎనభై ఎలా అయిందని శంకించేవాడు ఇంకా ప్రాజెక్టు మొదలుపెట్టనివాడని తెలియునది.

అయిపోయిందండి = పూర్తయినదండి. చేశామని కాక అయిపోయిందనడం గమనార్హం. ఈ క్రియకు కర్త లేడు. కోడంతా రాజోలు కుర్రాడు రాత్రిళ్లు కూర్చుని రాశాడు. ఒకడు పీపీటీ చేశాడు, ఒకడు రిపోర్టు బైండింగు చూసుకుంటున్నాడు. డేటా తెచ్చింది కొత్తపేట అమ్మాయి. ఈ సంగతులన్నిటినీ కప్పి పెట్టడానికి ఇంతకంటే మంచి క్రియాపదం భాషలో లేదు.

ఒక్క ఇంటిగ్రేషనే = విడివిడిగా నడిచే భాగాలను కలపడం మాత్రమే. ఇక్కడి ఏవకారం నిశ్చయార్థకం. ఇంకేమీ లేదని నొక్కి చెబుతుంది. తెర మీద కనబడే స్క్రీన్లు ఒక లాప్‌టాప్‌లో, మోడల్ ఇంకో లాప్‌టాప్‌లో, డేటాబేస్ ఇంటి దగ్గర ఉండిపోయిన మూడో లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఒకదానికొకటి ఇంతవరకు ముఖపరిచయం లేదు. కాబట్టి మిగిలింది ఇంటిగ్రేషన్ ఒక్కటే అనడం అబద్ధం కాదు, అలంకారశాస్త్రంలో దీన్ని అపహ్నుతి అంటారు.

ఓకే = వింటిని. ఒప్పుకొంటిని అని అర్థం చెప్పేవారు పొరబడుతున్నారు. అదే పూట ఇంకా ఏడు టీములను చూడాల్సిన గైడు నోట ఇది శ్వాస వంటిది.

బాగానే ఉంది = తిట్టవలసినంత లేదు.

యూఐ = తెర మీద కనబడు భాగము. గైడు దీన్నే ఏల పట్టుకున్నాడని శంక. ప్రొజెక్టరు మీద కనబడింది అదొక్కటే కనుక అని సమాధానం.

కొంచెం = ఇదే ఈ వచనానికంతటికీ ప్రాణాపాయమైన పదం. ఎంత కొంచెం? ఏది? ఎప్పటికి? రివ్యూ కాగానే నలుగురూ కాంటీన్‌లో గంటసేపు చర్చించి, నీలం రంగు తీసి ఆకుపచ్చ వేశారు. కొబ్బరి యాప్ కదా అని. గైడు మాట పొల్లుపోలేదు, కొంచెం ఇంప్రూవ్ అయింది.

తాత్పర్యము

పిల్లలు ఏం చేశారో గైడు చూడలేదు. గైడు ఏం చేయమన్నాడో పిల్లలకు తెలియలేదు. రివ్యూ రిజిస్టరులో మాత్రం అందరి సంతకాలూ పడ్డాయి.

పాఠాంతరము

ఇదే సందర్భానికి వేరొక పాఠం దొరుకుతోంది. అందులో గైడు ఒక మేడమ్. శాతం వినగానే ఆవిడ పెన్ను కింద పెట్టి, "రేపు గండేరా వెయ్యి కాయలు ఎంతంటుందో చూపించండమ్మా" అన్నారు.

టీములో మౌనం. యాప్‌లో ఉన్నది 'కోకోనట్, కేజీకి రూపాయలు' అనే ఒక్క గడి. అంబాజీపేటలో కాయ ధర చెప్పేది వెయ్యి లెక్కన. కురిడీలో గండేరా వేరు, గటగట వేరు. నీటికాయలో పాత ముక్కుడు వేరు, కొత్త పచ్చికాయ వేరు. "మా నాన్నారు కాయని కేజీల్లో అమ్మరు మేడమ్" అని కొత్తపేట అమ్మాయి నెమ్మదిగా అంది. మరి ఈ డేటా ఎక్కడిది? నెట్‌లో దొరికిందట.

"మరి ఆక్యురసీ తొంభై ఎనిమిది వచ్చింది కదండీ" అని పీపీటీ చేసిన కుర్రాడు. మేడమ్ నవ్వలేదు. "రేపటి ధర ఇవాళ్టి ధరే అని కళ్లు మూసుకుని చెబితే ఎంత వస్తుందో లెక్క కట్టారా?" అన్నారు. కొబ్బరి ధర రాత్రికి రాత్రి రెట్టింపు కాదు, సగమూ కాదు. మోడలంటూ లేకుండానే ఆ చాయల అంకె రావచ్చు. ఆ అంకెను దాటితేనే మోడల్‌కి తెలివి ఉన్నట్టు. దానికి తోడు పిల్లలు తేదీలన్నీ కలగలిపి, అందులోంచి కొన్ని పరీక్షకు తీశారు. శుక్రవారం ధర, ఆదివారం ధర చూపించి శనివారం ధర అడిగారన్నమాట. ఈ సంగతి రాజోలు కుర్రాడికి అప్పటికప్పుడే వెలిగింది. చెవులు ఎర్రబడ్డాయి.

కురిడీ కొనేవాడు కాయ ఎంత శాతం ఎండిందని రైతుని అడగడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. ఆవిడ చేసింది అదే. తర్వాత చెప్పినది రెండు వాక్యాలు: "పదకొండు స్క్రీన్లలో పది తీసెయ్యండి. వచ్చే మంగళవారానికి ఒక్క రకం కాయ, అంబాజీపేట రేటు, వెయ్యి లెక్కన, ఒకే లాప్‌టాప్‌లో మొదట్నుంచి చివరిదాకా నడవాలి." ఎవరు ఏది చేస్తారో పేర్లు వాళ్లచేతే రాయించారు.

ఇది కఠినం కాదా అని పూర్వపక్షం. మార్చి నెలలో పిల్లల మనసు కష్టపెట్టడమెందుకు, ఎలాగూ ఎక్స్‌టర్నల్ వచ్చి రెండు ప్రశ్నలడిగి వెళ్తాడు కదా అని పెద్దలు కొందరు అంటారు. నాకు సమ్మతం కాదు. ఆకుపచ్చ రంగు వేయడానికి కాంటీన్‌లో గంట కూర్చున్న పిల్లలు పని చేయనివాళ్లు కారు. వాళ్లకి చెప్పినదీ అదే, వాళ్లు చేసినదీ అదే. ఇంకో నలుగురిని సాయానికి పిలిస్తే అయిపోదా అనేవారికి ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాసి పెట్టాడు: ఆలస్యమైన ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుంది.

విశేషము

ఆయ్ = చిత్తమండి. గోదావరి జిల్లాల వారి సొత్తు. అలాగేనని ఒక అర్థం, విన్నామని ఒక అర్థం, ఇక వదిలేస్తే బస్సు అందుకుంటామని ఇంకొకటి. రెండు పాఠాల్లోనూ ఇదే అక్షరం, ఇదే స్వరం. సందర్భాన్ని బట్టి అర్థం గ్రహించాలని వ్యాఖ్యాతలు రాసి ఊరుకుంటారు గానీ, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ తయారుచేశాక అంత శ్రమ లేదు. మంగళవారం లోపు ఏయే రోజుల్లో, ఏయే పేర్లతో కమిట్లు పడ్డాయో తెరిచి చూసుకోవచ్చు.