మూడేడుల సామి

అనంతపురం దాటి బెంగళూరు దిక్కు పోతుంటే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన తగిలే మండల కేంద్రం రాప్తాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే ఈ నేలలో బోరు నీళ్లకు వంతు ఉంది, మోటారు కరెంటుకు వేళ ఉంది, విత్తన శనక్కాయలకు వరుస ఉంది. కొలవకుండా పంచేది ఒక్కటే, కంప్యూటర్లో ఫైళ్ల మీద అనుమతులు. పంచేవాడు మూడేడుల సామి. ఈయన ఒక మనిషి కాదు, ఒక తెగ. హైదరాబాదులోనూ ఉంటాడు, డల్లాస్‌లోనూ ఉంటాడు. కాకపోతే అన్నీ కొలిచి ఇచ్చే ఊళ్లో ఆయన దాతృత్వం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పగలు బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే కొలువు. రాత్రయితే ప్రైవేటు బడికీ ఎరువుల అంగడికీ కల్యాణ మంటపానికీ తాను పెట్టిచ్చిన వెబ్‌సైట్ల ఆలనాపాలన. ఏ వేళప్పుడు ఎవరు ఫోన్ చేసి "సామీ, సైటు తెరుచుకోలేదు" అన్నా "ఇప్పుడే చూస్తానప్పా" అంటాడే గానీ కుదరదన్న మాట ఆయన నోట రాదు. తెర మీద 403 కనిపించనీ, లాగ్‌లో 13వ నంబరు తప్పుగా "పర్మిషన్ డినైడ్" నమోదవనీ, మందు మాత్రం ఒకటే: సీహెచ్‌మోడ్ 777. చదవడానికి నాలుగు, రాయడానికి రెండు, నడపడానికి ఒకటి, కలిపితే ఏడు. యజమానికి ఏడు, గుంపుకు ఏడు, దారిన పోయేవాడికి ఏడు. సైటు తెరుచుకుంటుంది. సామి నిద్రపోతాడు.

ఆయన్ను తిట్టేవాళ్లు సోమరి అంటారు, లేదా చదువు చాలదంటారు. రెండూ అన్యాయమే. అర్ధరాత్రి ఫోనెత్తేవాణ్ణి సోమరి అనలేం. ఇక చదువంటారా, ఆయన నోటికొచ్చిన లినక్స్ ఆదేశాలు చాలామంది ఇంజనీర్లకు పుస్తకం చూసినా రావు. సామి లోపం వేరే చోట ఉంది. ఆయన ప్రతి చిక్కునూ తాళం చిక్కుగా చూస్తాడు. నిజానికి అది మనిషి చిక్కు. "ఈ ఫైలు ఎందుకు తెరుచుకోవడం లేదు" అని అడిగినంతకాలం జవాబు 777 దగ్గరికే పోతుంది. "తెరవబోయింది ఎవరు" అని ఒక్కసారి అడిగితే అసలు కథ మొదలవుతుంది. ఎందుకంటే యూనిక్స్ వంశపు యంత్రాల్లో నడిచే ప్రతి ప్రాసెస్సూ ఎవరో ఒకరి పేరు మీదే నడుస్తుంది. పేరు లేని ప్రాసెస్సు లేదు. పీఎస్ ఏయూఎక్స్ అని కొట్టి జాబితా తెప్పించుకుంటే మొదటి నిలువు వరుసలో ఉండేది ఆ పేరే. సామికి ఆ వరుస తప్ప తక్కినవన్నీ కనిపిస్తాయి.

ఆ వరుస చదవడానికి కాస్త ఓపిక కావాలి, అందుకే చాలామంది బెదురుతారు. వెబ్ సర్వరు 80వ పోర్టు మీద కూర్చోవాలి. సంప్రదాయం ప్రకారం 1024 కంటే కింది పోర్టులు రూట్ అనే సర్వాధికారి చేతిలోవి. కాబట్టి అపాచీ గానీ ఇంజినెక్స్ గానీ మొదట రూట్‌గా లేచి, పోర్టు పట్టుకుని, వచ్చేపోయేవాళ్లకు జవాబు చెప్పే పనిని చిన్న ఉద్యోగులకు అప్పజెబుతుంది. ఆ చిన్న ఉద్యోగి పేరు ఉబుంటులో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, రెడ్ హ్యాట్ వంశంలో అపాచీ లేదా ఇంజినెక్స్. జాబితాలో ఒక్క వరుసలో రూట్ కనబడి, మిగతావన్నీ చిన్న ఉద్యోగి పేరు మీద ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. ఆ ఒక్క రూట్‌ను చూసి హడలిపోయి దాన్ని చంపేసేవాడు ఇంకో తెగ. ఆయన మీద మరెప్పుడైనా రాసుకోవచ్చు. అన్ని వరుసల్లోనూ రూట్ కనబడితే మాత్రం హడలాల్సిందే. సామి స్వయంగా రాసిపెట్టిన సర్వీసు ఫైల్లో యూజర్ అన్న పంక్తి ఉండదు. సిస్టమ్‌డీకి ఆ పంక్తి కనిపించకపోతే సర్వీసును రూట్ పేరు మీదే లేపుతుంది. సామి ఇచ్చిన అధికారం కాదది, సామి చెప్పడం మరిచిన చోట దానంతటదే వచ్చి కూర్చున్న అధికారం.

ఇక పీహెచ్‌పీ సంగతి. సైటును నడిపేది ఇంజినెక్సే అనుకుంటాం. అది కేవలం గుమాస్తా, కాగితం తీసుకుని లోపలికి పంపుతుంది. లోపల కోడ్‌ను నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్‌కు తన సొంత సెట్టింగుల ఫైలుంది, అందులో తన సొంత యూజర్ ఉన్నాడు. రెడ్ హ్యాట్ మార్గంలో ఇంజినెక్స్ పెట్టుకున్నా పీహెచ్‌పీ మాత్రం అపాచీ పేరు మీదే లేస్తుంది. సామి ఇంజినెక్స్ పేరుకు హక్కులిచ్చి, ఇంకా రావడం లేదని చిరాకుపడి, చివరికి అందరికీ ఇచ్చేస్తాడు. కొందరు పెద్దమనుషులు ఇంతలోనే తీర్పు చెప్పేస్తారు, ఇదంతా పాడు సాఫ్ట్‌వేర్ గందరగోళం, సామి ఏం చేస్తాడని. గందరగోళం ఉందన్నది నిజమే. కానీ ఈ తగువుల్లో సగం పుట్టించేది సామే. శుక్రవారం రాత్రి ఆయన రూట్‌గా లోపలికి దూరి సైటు అప్‌డేటు చేస్తాడు. ఆ పూట పుట్టిన క్యాష్ ఫైళ్లూ లాగ్ ఫైళ్లూ అన్నీ రూట్ సొత్తు. తెల్లవారి చిన్న ఉద్యోగి వచ్చి రోజూ రాసే లాగ్‌లో ఒక పంక్తి రాయబోతే, ఆ పుస్తకం రాత్రికి రాత్రి దొరవారిదైపోయింది. రాయలేక పనే మానేస్తాడు. బడి కరెస్పాండెంటు సామికి ఫోన్ చేస్తాడు. సామి వచ్చి, రాత్రి తన చేత్తో వేసిన ముడిని పొద్దున తన చేత్తో తెంపి, దండం పెట్టించుకుంటాడు. క్రాన్‌లో రూట్ పేరు మీద పెట్టిన అర్ధరాత్రి పనులది కూడా ఇదే కథ. అందుకే కొన్ని సైట్లు సరిగ్గా ఒకే వేళకు పడకేస్తాయి, జనం నెట్‌వర్కును తిడతారు.

వింతేమిటంటే 777 అన్నివేళలా పనిచేయదు కూడా. సైటును సామి తన హోమ్ ఫోల్డరు కింద పెట్టాడనుకోండి. 2021లో వచ్చిన 21.04 నుంచి ఉబుంటు కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్లను బయటివాళ్లకు మూసే ఉంచుతోంది. లోపలి ఫైలుకు మూడేడులు పెట్టినా వాకిట్లోనే ఆపేస్తారు, దారిలో ప్రతి ఫోల్డరుకూ నడిచే హక్కు ఉండాలి కాబట్టి. నేమై అనే చిన్న ఆదేశం ఆ దారంతా గడప గడపకూ ఎవరిది, ఎవరికెంత అని వరసగా చూపిస్తుంది. అది వాడితే నిమిషం పని. వాడకపోతే పైనున్న ఫోల్డర్లన్నింటికీ ఒక్కొక్కటిగా 777. రెడ్ హ్యాట్ మార్గంలో ఎస్‌ఈలినక్స్ అనే రెండో కాపలాదారు ఉంటాడు. ఆయన అంకెలు చూడడు, ఫైలుకు వేసిన ముద్ర చూస్తాడు. ముద్ర తప్పయితే 777 ఉన్నా పోనివ్వడు. ముద్ర సరిచేయడానికీ ఒక్క ఆదేశమే. సామి మాత్రం కాపలాదారునే ఇంటికి పంపించేస్తాడు.

"సైటు పనిచేస్తాండాది కదప్పా, ఇంగేం కావాల?" అంటారు సామి పక్షం వకీళ్లు. పనిచేస్తున్నది నిజమే. రోగం మాట చెప్పకుండా నొప్పి మాత్రమే తీసిన మందు కూడా పనిచేసినట్టే ఉంటుంది. కాస్త బరువైన వాదం ఇంకొకటి: రాప్తాడు ఎరువుల అంగడి సైటులోకి దొంగ ఎందుకొస్తాడు, ఏం దోచుకుంటాడు? దీనికి జవాబు 2001 జులై 19న దొరికింది. ఆ రోజు కోడ్ రెడ్ అనే పురుగు మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ వెబ్ సర్వర్లలో ఒక లొసుగు పట్టుకుని 14 గంటల్లోపే 3,59,000కు పైగా యంత్రాలకు పాకింది. అది ఎవరి అంగడి, ఎంత వ్యాపారం అని విచారించలేదు. అంకెలు ఎడాపెడా పుట్టించుకుని ఆ చిరునామాల తలుపులు తట్టింది. లొసుగున్న ఆ భాగం విండోస్‌లో సిస్టమ్ అనే సర్వాధికారి హోదాలో నడుస్తుండడంతో, లోపలికి దూరిన పురుగుకు యంత్రమంతా దఖలు పడింది. చిన్న ఉద్యోగి హోదాలో నడిచి ఉంటే పురుగు రాకపోయేదని కాదు, వచ్చినా వసారాలోనే ఆగేది. అంగడిలో దోచుకునేందుకు ఏమీ లేకపోయినా ఆ యంత్రం నుంచి ఊరందరికీ దొంగ మెయిళ్లు పంపొచ్చు, ఇంకొకరి మీదికి ఉసిగొల్పొచ్చు. దొంగకు కావలసింది సరుకు కాదు, చావడి.

కొన్నేళ్లకు సామికి జ్ఞానోదయమవుతుంది. 777 తప్పని ఎవరో చెబుతారు. అప్పటినుంచి మొత్తం సైటును చిన్న ఉద్యోగి పేరు మీదికి మార్చేస్తాడు, దానికి సీహెచ్‌ఓన్ అని ఇంకో మంత్రం. చూడ్డానికి ఇది పెద్దరికంలాగే ఉంటుంది. కానీ ఇప్పుడు వెబ్ సర్వరు తన కోడ్‌ను తానే తిరగరాసుకోగలదు. ఒక్క ప్లగిన్‌లో చిల్లు పడితే దూరినవాడు పేజీలన్నింటిలోనూ తన రాత రాసిపోతాడు. కోడ్ ఒకరి పేరు మీద ఉండి, చిన్న ఉద్యోగి దాన్ని చదవగలిగితే చాలు. బొమ్మలు ఎక్కించే ఫోల్డరు, క్యాష్, లాగ్, ఇలాంటి రెండు మూడు చోట్ల మాత్రం రాయనివ్వాలి. ఎవరికైనా పనికి సరిపడేంత అధికారమే ఇవ్వాలన్న సూత్రాన్ని జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లోనే కాగితం మీద పెట్టారు. సుడో కూడా ఆ దారిదే. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో అది పుట్టింది, రూట్ పాస్‌వర్డు అందరికీ పంచకుండా ఒక్కో పనికి అంతమేరకే అధికారం ఎరువివ్వడానికి. సామి సుడోను లాగిన్ అయిన వెంటనే ఒకసారి వాడతాడు, పూర్తిగా రూట్ అయిపోవడానికి. తర్వాత రోజంతా దాని అవసరం ఉండదు.

ఇదంతా సామి ఒక్కడే కనిపెట్టిన విద్య అనుకుంటే పొరపాటు. ఏ ఆఫీసునూ వేలెత్తి చూపనక్కర్లేదు. పై అధికారి డిజిటల్ సంతకపు కీ ఆపరేటరు సొరుగులో ఉండడం, సెలవులో ఉన్నాయన లాగిన్‌తో పక్క సీటాయన పని చక్కబెట్టడం మనకు కొత్త కాదు. సంతకం ఒకరిది, వేలు ఇంకొకరిది. భూమి హక్కుల రికార్డైన వన్‌బీలో ఒక రైతు పేరు మారిందనుకోండి, మార్చినవారెవరంటే రికార్డు అధికారి పేరే చెబుతుంది. అధికారి నేను కాదంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అన్నీ రూట్ పేరు మీద నడిచే సర్వరు లాగ్ కూడా అంతే: ఏం చేసినా రూట్ చేసింది. "ఊళ్లోవాళ్లు ఇచ్చే డబ్బుకు ఇంతకంటే జాగ్రత్త ఎక్కడ కుదురుతుంది" అన్న అభ్యంతరం నాకు సబబుగానే తోస్తుంది, ఆ బేరాలు ఎలా సాగుతాయో అందరికీ తెలుసు. అయితే సరైన మందు ఖరీదైనదేం కాదు. సర్వీసు ఫైల్లో యూజర్ అని ఒక పంక్తి, అప్‌డేటు చేసేటప్పుడు రూట్ బదులు సైటు యజమాని పేరుతో దిగడం. సామి ఇప్పుడు కొడుతున్న ఆదేశాలకంటే ఇవి పొట్టివి.

ఆ పొట్టివి నేర్చుకోనందుకు ఎప్పుడో ఒక రాత్రి పెద్దది కొడతాడు. ఒక్కో ఫోల్డరుకూ తిరగడం విసుగొచ్చి, మొదలంటా, అంటే యంత్రమంతటికీ, 777 ప్రయోగిస్తాడు. అప్పుడొక తమాషా జరుగుతుంది. సుడోకు బలమిచ్చే ప్రత్యేక గుర్తు ఆ దెబ్బకు చెరిగిపోతుంది, అది పని మానేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ తన రహస్య తాళాలు ఊరందరికీ కనబడుతున్నాయని గమనించి, వాటిని నమ్మనని భీష్మించుకుంటుంది. తెరిచి ఉన్న కిటికీ మూశాడా, మళ్లీ లోపలికి దారి లేదు. అందరికీ అన్నీ ఇచ్చిన సర్వరులోకి సామి ఒక్కడికే ప్రవేశం ఉండదు. కొత్త సర్వరు అద్దెకు తీసుకుని, పాత కాపీ ఎక్కించి, బడి కరెస్పాండెంటుకు పైనున్నవాళ్లు మెయింటెనెన్స్ చేశారని చెబుతాడు. ఆ కరెస్పాండెంటు ఎక్కడో చదివి, ఈసారి ఒక ప్రశ్న వేశాడనుకోండి: "ఇంతకూ ఇది ఎవురి పేరు మీద నడుస్తాండాది సామీ?" సామి నొచ్చుకుంటాడు, ఇన్నేళ్ల స్నేహంలో ఇదేం మాటన్నట్టు. "ఎవురి పేరేందన్నా, డొమైను కాడ్నించి రూట్ దాకా అన్నీ నా పేరు మీదే పెట్టినా. నువ్వు నిశ్చింతగా ఉండు."