సున్నాల పర్వం

శ్రీమదఖిలజిల్లాసముదయవందితయు, ఢిల్లీపురవాసినియు, మూడు, అయిదు, ఎనిమిది, పది తరగతుల పిల్లలకు సమంగా దడ పుట్టించునదియు నగు నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే అనే దేవతకు ముందుగా దండం పెట్టి, 2021 నవంబరు 12, శుక్రవారం నాడు తుంగభద్రకూ పెన్నకూ నడుమ నల్లరేగళ్లలో, ఎర్రనేలల్లో జరిగిన సంగ్రామాన్ని చేతనైనంత వర్ణిస్తాను. కళాపూర్ణోదయాన్ని అంకితం పుచ్చుకోవడానికి నంద్యాల కృష్ణమరాజు ఉన్నాడు. దీన్ని పుచ్చుకునే రాజెవరూ కనిపించలేదు గనక ఎమ్మీవో ఆఫీసు బీరువాకు అంకితం.

నాయకుడు ధీరోదాత్తుడు కావాలన్నారు లక్షణకర్తలు. మనవాడికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి, ఆదోని పక్క పల్లె. ఊరి పేరు చెప్పను. ఆ పక్క ఏ ఊళ్లోనైనా ఇలాంటివాడు ఒకడుంటాడు. కర్ణుడికి కవచం పుట్టుకతో వచ్చింది. వీడికి సర్కారు విద్యాకానుక కిట్టులో వచ్చింది. అందుకే బెల్టు నడుము చుట్టూ ఒకటిన్నర చుట్టు తిరిగి కొస వేలాడుతోంది. అస్త్రవిద్య మాటకొస్తే, ఒకటో తరగతి చివర్లో లాక్‌డౌన్ వచ్చి బడి మూతపడింది. రెండో తరగతి చాలావరకు ఇంటి అరుగు మీదే గడిచిపోయింది. 2021 ఆగస్టు 16న బడి మళ్లీ తెరిచారు. మూడు నెలలు నిండకముందే యుద్ధభేరి. ద్రోణుడు కూడా ఎవర్నీ ఇంత తొందరగా కురుక్షేత్రానికి తోలలేదు.

సార్ చేసిన గీతోపదేశం ఒక్క ముక్కే. "తెలీకపోయినా ఏదో ఒకటి పెట్టురా, ఖాళీ ఇడ్సొద్దు."

నాపరాతి బండల మీద మూరెడు మూరెడు ఎడంగా పద్మవ్యూహం పన్నారు. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ అనే దూత సీలు కవరు చించాడు. భాష, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అనే మూడు అక్షౌహిణులు బయటికి దిగాయి. గడువు 90 నిమిషాలు.

ఒక్కో ప్రశ్న కింద నాలుగేసి జవాబులు. దమయంతి స్వయంవరంలో అయిదుగురు నలులు నిలబడ్డారంటే లోకమంతా ఆ పిల్ల మీద జాలిపడింది. ఆమెకు గుర్తులైనా ఉన్నాయి: దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, కాళ్లు నేలకానవు. మనవాడి ముందున్న నలుగురిలో ఒక్కడికీ చెమట లేదు. ఉన్న చెమటంతా మనవాడిదే. పెన్ను మూత నమిలాడు. పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు వీడి వైపే చూస్తున్నాడు. ఇద్దరూ ఇంటికప్పు చూశారు. చివరికి మూడో నలుడి మెడలో దండ పడింది.

అదే ఘడియలో ప్రొద్దుటూరు పక్క అయిదో తరగతి నాయిక ఒకతి లేచి, "సార్, రెండూ కరెక్టే అనిపిస్తే యాడ పెట్టాల?" అని అడిగింది. తర్కశాస్త్రం పుట్టినప్పట్నుంచీ ఉన్న ప్రశ్న ఇది. దూతకు జవాబు చెప్పే అధికారం లేదు. "కూచో పాపా" అన్నాడు.

చిన్న తరగతుల పిల్లలు ప్రశ్నపత్రంలోనే గుర్తు పెడితే, వాటిని ఓఎమ్మార్ షీటు మీదికి ఎక్కించే పని దూతది. వ్యాసుడు చెప్పగా వినాయకుడు రాసిన భారతం మాదిరే. మధ్యలో ఆపకూడదని వినాయకుడు షరతు పెట్టాడు, అర్థం చేసుకోకుండా రాయకూడదని వ్యాసుడు పెట్టాడు. ఇక్కడ మొదటి షరతును గడియారం చూసుకుంది, రెండోదాని ఊసు ఎవరూ ఎత్తలేదు. ప్రతి సున్నాకూ సంపూర్ణ గ్రహణం పట్టాలి. పాక్షిక గ్రహణాన్ని మిషను ఒప్పుకోదు. ఇంకు గీత దాటితే రాహువు పక్క రాశిలోకి పోయినట్టే.

ఇది కాక విద్యార్థి వివరాల పత్రం ఒకటి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? కర్ణాటక సరిహద్దు గదా, మనవాడు నిజాయితీగా చెప్పాడు. "అవ్వ కన్నడం సార్, అమ్మ తెలుగు. నాయిన మాట్లాడడు, తిడతాడు." నాయిన భాషకు సున్నా లేదు.

పోరుకు రాని వీరుల మాట కూడా కావ్యంలో ఉండాలి. కోసిగి, మంత్రాలయం పక్క పంట చేతికొచ్చాక, లేదా రాకపోయాక, కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు పత్తికీ మిరపకాయలకూ సుగ్గికి పోతాయి. ఇంటికి తాళం పడితే పిల్లలూ వెంటే. హాజరు పట్టీలో పేరుంటుంది, బండ మీద ఖాళీ ఉంటుంది. సర్వే దేవత బడికి వచ్చినవాళ్లనే చూస్తుంది.

దేవత కొత్తదే గాని ఆచారం పాతది. దత్త మండలాలకు కలెక్టరుగా చేసిన మన్రో, మద్రాసు గవర్నరయ్యాక 1822లో ఏ ఊళ్లో ఎన్ని బళ్లున్నాయో, ఎంతమంది చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లందరికీ తాఖీదిచ్చాడు. ఆదోని అప్పట్లో బళ్లారి జిల్లాలోది. అక్కడి కలెక్టరు క్యాంప్‌బెల్ మరుసటేడు పంపిన నివేదికలో, పిల్లలు నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం గురించి రాశాడు. ఇసుకలో తప్పు రాస్తే అరచేత్తో తుడిచేసేవాళ్లు. ఓఎమ్మార్‌కు అరచెయ్యి పనికిరాదు.

గంట కొట్టారు. అప్పటికే ఉడికిన గుడ్ల వాసన వ్యూహాన్ని ఛేదించుకుని లోపలికొచ్చింది. సైన్యం ప్లేట్లు పట్టుకుని వంటగది మీదికి దండెత్తింది.

జయాపజయాలు 2022 మే 25న ఢిల్లీలో ప్రకటించారు. అందులో ఒక్క వీరుడి పేరూ లేదు, ఒక్కడి మార్కులూ లేవు. అన్నీ జిల్లా శాతాలే. ఫలం మీద నీకు అధికారం లేదని కృష్ణుడు చెప్పిన మాటను ఇంత పట్టుదలగా అమలుచేసిన శాఖ మరొకటి లేదు. అంతలో ఏప్రిల్ 4నే రాజ్యాలు చీలాయి: కర్నూలులోంచి నంద్యాల వేరుపడింది, కడపలోంచి కొంత భాగం రాయచోటి రాజధానిగా అన్నమయ్య జిల్లాలోకి పోయింది. యుద్ధం చేసింది ఒక రాజ్యం, కబురొచ్చేసరికి రెండు. బీరువాలనూ జీపులనూ ఉద్యోగులనూ పంచవచ్చు. ఆళ్లగడ్డ పిల్లల తెలివినీ ఆలూరు పిల్లల తెలివినీ కలిపి కట్టిన శాతాన్ని ఏ కత్తితో కోస్తారు?

ఇది ఎమ్మీవో ఆఫీసు బీరువాంకితంబైన సున్నాల పర్వంబునందు ప్రథమాశ్వాసము. సర్వే దేవత తర్వాత పేరు మార్చుకుని, పరఖ్ అయి, మూడు, ఆరు, తొమ్మిది తరగతులను కోరి 2024 డిసెంబరు 4న మళ్లీ వేంచేసింది. నడుమ ఏ సుగ్గీ ఎత్తుకుపోకుండా ఉంటే, మనవాడు సరిగ్గా అప్పటికి ఆరో తరగతి. ద్వితీయాశ్వాసం రాసే ఓపిక ఉన్నవాళ్లు రాసుకోవచ్చు.